మన కరువు సీమలో ఒక రాజధాని: హేమావతి కథ

 

ఈ రోజు ఎపిసోడ్ ఒక చిన్న సంగతితో మొదలుపెడతా. బెంగళూరులో నేను పీజీలో ఉన్నప్పుడు కొత్తవాళ్ళు ఎవరు పరిచయమైనా మొదట అడిగేది ఒకటే: "మీది ఏ ఊరు?" నేను "అనంతపురం" అంటా. వెంటనే అవతల నుంచి "ఓహో, కరువు జిల్లా కదా!" అని వస్తుంది. ప్రతిసారీ అదే. నాకూ అలవాటైపోయి "అవును, కరువే" అని నవ్వేసి ఊరుకునేవాణ్ణి. అంతకుమించి మా సీమ గురించి చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు.

కరువు అబద్ధం కాదు. మనకు ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ పడుతుంది వాన. నైరుతి రుతుపవనాలు పడమటి కనుమల దగ్గరే నీళ్ళన్నీ కుమ్మరించి, ఖాళీ మబ్బులతో మన దగ్గరికి వస్తాయి. ఈశాన్య రుతుపవనాలేమో తూర్పు తీరం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి అలసిపోతాయి. రెండు వైపులా మనకు మిగిలేది తక్కువ. కానీ ఇదే నేల మీద, ఇదే వానతో, వెయ్యి ఏళ్ళ కిందట ఒక రాజ్యం నడిచింది. దాని రాజధాని మన దగ్గరే ఉంది. పేరు హేమావతి. మీలో ఎంతమంది విన్నారు? నేనైతే మూడేళ్ళ కిందటి దాకా వినలేదు. లేపాక్షికి నాలుగుసార్లు పోయొచ్చినవాణ్ణి, అక్కడి నుంచి పట్టుమని రెండు గంటల దూరంలో ఉన్న ఈ ఊరి పేరు నాకు తెలీదు.

ఊరు ఎక్కడుంది, ఎలా ఉంటుంది

హేమావతి అమరాపురం మండలంలో ఉంటుంది. ఇంతకుముందు అనంతపురం జిల్లా. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. మడకశిర దాటి పోవాలి. ఆంధ్ర మ్యాప్‌ను జూమ్ చేసి చూడండి. మడకశిర వైపు మన రాష్ట్రం కర్ణాటకలోకి చొచ్చుకుపోయినట్టు ఉంటుంది కదా, ఆ కొసన ఉందీ ఊరు. అవతల తుముకూరు జిల్లా శిరా. బస్టాండ్‌లో నిలబడితే ఒక చెవిలో తెలుగు, ఇంకో చెవిలో కన్నడ. అంగడాయన నాతో తెలుగులో మొదలుపెట్టి, చిల్లర లెక్క కన్నడలో చెప్పాడు. దారి పొడవునా అక్కడక్కడా వక్క తోటలు కనిపిస్తాయి. బోర్లో నీళ్ళున్న చోట పచ్చగా, లేని చోట ఎర్రమన్నూ బండలూ.

ఊరు చిన్నదే. నేను బండి ఆపి గుడికి దారి అడిగితే అరుగు మీద కూర్చున్న ఒక తాత నన్ను పైనుంచి కింది దాకా చూసి, "ఏం చూసేదానికి వచ్చినావప్పా?" అన్నాడు.

"గుడి చూసేదానికి తాతా."

"ఏ గుడి? ఊరంతా గుళ్ళే కదప్పా. యాడ తవ్వినా శివుడే."

నేను అది మాటవరసకు అన్నాడేమో అనుకున్నా. లోపలికి పోయాక అర్థమైంది. గుళ్ళ ఆవరణలో లింగాలు, నందులు, విరిగిన స్తంభాలు, సగం విగ్రహాలు. ఒకటీ రెండూ కావు. లేపాక్షిలో ఒక పెద్ద గుడి, ఒక పెద్ద నంది చూసి బయటికి వస్తాం. ఇక్కడ అలా కాదు. ఒక నగరం పగిలిపోతే ఆ ముక్కలు ఏరి ఒకచోట పేర్చినట్టు ఉంటుంది.

ముఖ్యంగా చూడాల్సినవి రెండు. మొదటిది దొడ్డేశ్వర ఆలయం. 'దొడ్డ' అంటే కన్నడలో పెద్ద. దీని గోడలకున్న రాతి కిటికీల దగ్గర కాసేపు ఆగండి. మనం గ్రిల్ కిటికీలు పెట్టుకుంటాం కదా, అలా రాతిలోనే తీగలు చెక్కి, తీగల మెలికల మధ్య సందులు వదిలి, ఆ సందుల్లో చిన్న చిన్న బొమ్మలు కూర్చోబెట్టారు. వెలుగూ గాలీ లోపలికి పోతాయి, బయట నుంచి చూస్తే శిల్పం. గంగ, యమున కూడా కనిపిస్తారు. నీళ్ళు లేని సీమలో గుడి గోడ మీద నదులు! లోపల నల్లగా, నున్నగా మెరిసే స్తంభాలు ఉంటాయి.

రెండోది సిద్ధేశ్వర ఆలయం. శివాలయం అంటే లోపల లింగం ఉంటుందనుకుంటాం కదా. ఇక్కడ గర్భగుడిలో శివుడు మనిషి రూపంలో కూర్చుని ఉంటాడు. ఇప్పటికీ పూజలు జరిగే గుడి ఇది. శివరాత్రి ప్రాంతంలో బ్రహ్మోత్సవాలు చేస్తారు, అటు కర్ణాటక నుంచి, ఇటు మన వైపు నుంచి జనం వస్తారు. మిగతా రోజుల్లో పోతే మీరూ, పూజారీ, కోతులూ. అంతే.

పేరులోనే ఒక చరిత్ర

హేమావతి అనేది కొత్త పేరు. పాత శాసనాల్లో ఈ ఊరు పెంజేరు, హెంజేరు అని ఉంటుంది. రెండూ ఒకటే పేరు. ఎలాగంటే, మన 'పాలు' కన్నడలో 'హాలు', మన 'పులి' అక్కడ 'హులి', మన 'పల్లి' అక్కడ 'హళ్ళి'. పాత కన్నడలో కూడా 'ప' ఉండేది. వెయ్యేళ్ళ కిందటి నుంచి నెమ్మదిగా 'హ' అయింది. పెంజేరు హెంజేరు అయింది అలాగే. ఒక్క ఊరి పేరు మారిన తీరులో ఒక భాష మారిన తీరు కనిపిస్తుంది. నాకైతే ఇది గుడి కన్నా ఎక్కువ నచ్చింది.

ఎవరీ నొలంబులు?

ఈ ఊరి నుంచి ఏలినవాళ్ళు నొలంబులు. నొలంబ పల్లవులు అని కూడా అంటారు. మేము కంచి పల్లవుల వంశమే, మా మూలపురుషుడు త్రినయన పల్లవుడు అని వాళ్ళు చెప్పుకున్నారు. ఈ వంశావళి మనకు తెలిసింది హేమావతిలోనే దొరికిన ఒక స్తంభ శాసనం వల్ల. సింహపోతుడు, అతని కొడుకు చారుపొన్నేరుడు, అతని కొడుకు పొలల్చోరుడు, ఆ తర్వాత మహేంద్రుడు, అయ్యపదేవుడు... ఇలా వరసగా పేర్లు. ఆ రాయి లేకపోతే ఈ పేర్లలో సగం మనకు దొరికేవే కావు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, చివర్లో మళ్ళీ వస్తా.

వాళ్ళు 8వ శతాబ్దం నుంచి 10వ శతాబ్దం దాకా గట్టిగా ఉన్నారు. వాళ్ళ దేశాన్ని 'నొలంబవాడి 32000' అనేవాళ్ళు. ఆ 32000 అంటే ఊళ్ళ లెక్కా, ఆదాయం లెక్కా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటారు. ఇప్పటి లెక్కలో చెప్పాలంటే మన అనంతపురం, చిత్తూరు, అవతల తుముకూరు, చిత్రదుర్గ, కోలారు వైపు భాగాలు అందులోకి వస్తాయి. మహేంద్రుడి కాలానికి తమిళనాడు ధర్మపురి దాకా పోయారు. నంది కొండల కింద భోగనందీశ్వర ఆలయం ఉంది కదా, వీకెండ్ వస్తే బెంగళూరు జనమంతా రీల్స్ తీసుకునేది, ఆ గుడి మొదలు కూడా నొలంబుల కాలానిదే. తుముకూరు జిల్లా అరళగుప్పె కల్లేశ్వర గుడి పైకప్పులో నాట్యమాడే శివుడు, చుట్టూ దిక్పాలకులు, అదీ ఈ శైలే.

బెంగళూరులో ఉన్నవాళ్ళకు ఇంకోటి చెప్తా. బేగూరులో దొరికిన ఒక వీరగల్లు ఇప్పుడు కబ్బన్ పార్క్ దగ్గర ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. నాగత్తరుడు అనే వీరుణ్ణి గంగరాజు ఎరెయప్ప యుద్ధానికి పంపుతాడు. ఎవరికి సాయంగా? అయ్యపదేవుడికి. మన హెంజేరు రాజు అయ్యపదేవుడే ఇతనని చరిత్రకారులు అంటారు. ఆ యుద్ధంలో నాగత్తరుడు చనిపోయాడు. ఏనుగులు, గుర్రాలు, బాణాలు, తొక్కిసలాట అన్నీ ఒక్క రాతి మీద చెక్కారు. ఈసారి కబ్బన్ పార్క్ పోతే ఒకసారి లోపలికి పోయి చూసిరండి.

చుట్టాలే ముంచారు

గంగరాజులకూ నొలంబులకూ మంచి చుట్టరికం ఉండేది. గంగ రాజకుమారి జాయబ్బెను పొలల్చోరుడికి ఇచ్చి పెళ్ళి చేశారు. వాళ్ళ కొడుకే మహేంద్రుడు. అంటే నొలంబుల్లో బలమైన రాజు గంగరాజులకు మనవడి వరస.

ఆ తర్వాత సుమారు వందేళ్ళకు, క్రీ.శ. 963 ప్రాంతంలో గంగ సింహాసనం ఎక్కాడు మారసింహుడు. అతను నొలంబుల మీద పడి, వాళ్ళను ఎంతగా నాశనం చేశాడంటే, దాన్నే బిరుదుగా పెట్టుకున్నాడు: 'నొలంబకులాంతక'. నొలంబ కులానికి యముడు అని అర్థం. శ్రవణబెళగొళలో ఒక స్తంభం మీద అతని విజయాలన్నీ చెక్కి ఉన్నాయి. అదే మనిషి 975 ప్రాంతంలో బంకాపురలో జైన గురువు ముందు సల్లేఖన వ్రతం పట్టి, అన్నం నీళ్ళు మానేసి ప్రాణం వదిలాడు. ఇది చదివినప్పుడు నాకు ఏమనుకోవాలో తెలీలేదు. ఒక వంశాన్ని తుడిచేయాలనుకున్న చెయ్యీ అదే, చివరికి అన్నీ వదిలేసిన చెయ్యీ అదే.

నొలంబులు పూర్తిగా పోలేదు. చిన్న సామంతులుగా తర్వాత కూడా ఉన్నారు. తుముకూరు వైపు 'నొణబ' అనే సముదాయం పేరులో ఆ మాట ఇప్పటికీ బతికుంది. కానీ రాజధానిగా హెంజేరు కథ అక్కడితో అయిపోయింది. తర్వాత చోళులు వచ్చారు. రాజరాజ చోళుడి శాసనాల్లో, అతను గెలిచిన దేశాల జాబితాలో 'నుళంబపాడి' ఉంటుంది. అంటే మనమే.

స్తంభాలు తిరువయ్యారులో, విగ్రహాలు చెన్నైలో

తిరువయ్యారు పేరు తెలుగువాళ్ళకు కొత్త కాదు. త్యాగరాజస్వామి సమాధి ఉన్న ఊరు. ప్రతి ఏడాదీ ఆరాధనోత్సవాలు టీవీలో చూస్తుంటాం. అక్కడి పంచనదీశ్వర ఆలయ ప్రాంగణంలో, చుట్టుపక్కల చోళ శైలికి అసలు పొంతన లేని స్తంభాలు నలభైకి పైగా ఉన్నాయి. అవి నొలంబ స్తంభాలనీ, చోళులు యుద్ధంలో గెలిచి హేమావతి వైపు నుంచి పట్టుకుపోయినవనీ కళాచరిత్రకారుడు సి. శివరామమూర్తి గుర్తించారు. నాలుగు వందల కిలోమీటర్ల పైమాటే. లారీలు లేవు, క్రేన్లు లేవు. ఎడ్లబండ్ల మీద ఒక్కో స్తంభం. బంగారం దోచుకుపోయారంటే అర్థం చేసుకోవచ్చు. స్తంభాలు మోసుకుపోయారంటే, ఆ పనితనం ఎంత నచ్చి ఉండాలి!

ఇక చెన్నై ఎగ్మోర్ మ్యూజియం. హేమావతి నుంచి పోయిన మంచి మంచి శిల్పాలు అక్కడ ఉన్నాయి. "మనవి అక్కడెందుకు?" అని కోపం రావచ్చు, నాకూ వచ్చింది. కానీ అప్పట్లో మనది మద్రాసు రాష్ట్రం, మన రాజధాని మద్రాసే. అక్కడికి చేరినందువల్లే అవి భద్రంగా మిగిలాయి. ఆ శిల్పాల మీదే శివరామమూర్తి గారు మ్యూజియం కోసం ఒక పుస్తకం రాశారు. అంతకుముందే, 1958లో, బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసే డగ్లస్ బారెట్ ఏకంగా 'హేమావతి' అనే పేరుతోనే పుస్తకం వేశారు. లండన్‌లో ఉన్న మనిషికి ఈ ఊరి విలువ తెలుసు. హిందూపురం, మడకశిర తిరిగిన నాకు తెలీదు.

ఇంత రాజ్యం నీళ్ళు లేకుండా ఎలా నడిచింది?

చెరువులతో. ఈ సీమలో పెద్ద నది మీద ఆధారపడి బతికే వీలు లేదు. పడిన వాననే పట్టుకోవాలి. అందుకే గంగ-నొలంబ కాలం శాసనాలు చదివితే ఒక మాట మళ్ళీ మళ్ళీ తగులుతుంది: 'బిట్టువట్ట'. చెరువు తవ్వించినవాళ్ళకు, దాన్ని బాగు చేస్తూ ఉండేవాళ్ళకు ఇచ్చే భూమి. ఆ పొలం పంట నువ్వు తిను, బదులుగా చెరువు కట్ట తెగకుండా చూడు, పూడిక తియ్యి. తర్వాతి కాలంలో మన రాయలసీమ శాసనాల్లో కనిపించే 'దశబంధం' కూడా ఇలాంటి ఏర్పాటే. చెరువు కట్టడం ఒకసారి పని. దాన్ని నిలబెట్టడం ప్రతి ఏడాది పని. ఆ సంగతి వాళ్ళకు తెలుసు, దానికి జీతం కూడా రాతి మీద రాసిపెట్టారు. ఈ రోజు మన ఊరి చెరువులో జిల్లేడు చెట్లూ, ప్లాస్టిక్ కవర్లూ చూస్తే వాళ్ళు ఏమనుకుంటారో.

నా తప్పు ఒకటి చెప్తా

ఇప్పుడు ఈ ఎపిసోడ్ ఎందుకు చేశానో చెప్తా. మా సొంతూళ్ళో చెరువు కట్ట పక్కన ఒక రాయి ఉండేది. నడుం ఎత్తు. కింద కత్తి పట్టుకున్న మనిషి, మధ్యలో ఇద్దరు ఆడవాళ్ళు అతన్ని పైకి తీసుకుపోతున్నట్టు, అన్నిటికన్నా పైన లింగం ముందు కూర్చున్నట్టు. బొమ్మల మధ్య పట్టీల్లో ఏవో అక్షరాలు. మేం చిన్నప్పుడు క్రికెట్‌కి అదే వికెట్. మా అవ్వ ఆ దారిన పోయినప్పుడల్లా దానికి దండం పెట్టేది. "ఎవరవ్వా అది?" అంటే, "ఎవరో మనూరి కోసం సచ్చిపోయినోడంట నాయనా" అనేది. వీరగల్లు అంటే అదే. ఊరి పశువులను దొంగలు తోలుకుపోతుంటే అడ్డం పోయి చనిపోయినవాడికో, యుద్ధంలో పోయినవాడికో వేయించే రాయి. చదువుకోని మా అవ్వకు తెలిసిన ఆ సంగతి, ఇంజినీరింగ్ చదివిన నాకు తెలీదు.

హేమావతి చూసొచ్చాక నాకు ఆ రాయి గుర్తొచ్చింది. వెంటనే ఊరికి పోయా. రాయి లేదు. దాని చోట గుంత ఉంది. ఎవరో రాత్రిపూట తవ్వారు, కింద నిధి ఉందనుకుని. దొరికింది ఏమీ లేదు, రాయి మూడు ముక్కలు. ఆ ముక్కలు కూడా తర్వాత ఏ గోడలోకి పోయాయో ఎవరూ చెప్పలేకపోయారు.

ఆ కట్ట మీద నేను దిగిన ఫోటోలు నా ఫోన్లో రెండు వందల దాకా ఉన్నాయి. అన్నీ వెతికా. ఒక్కదాంట్లో, మా ఫ్రెండ్ భుజం వెనకాల, ఆ రాయి సగం కనిపిస్తుంది. శాసనాలు చదవడం వచ్చిన ఒకాయనకు పంపితే, జూమ్ చేసి చూసి, "రెండు అక్షరాలు ఉన్నట్టున్నాయి బాబూ, కానీ చదవలేం" అన్నారు. ఆ వీరుడి పేరు బహుశా అక్కడే ఉండేది. వెయ్యేళ్ళు ఎండకీ వానకీ నిలబడింది, నా ఫోన్ చేతిలో ఉన్న కాలంలోనే పోయింది.

నొలంబుల పేర్లు మనకు ఒక్క స్తంభం వల్ల దక్కాయని చెప్పా కదా. అలాంటి రాళ్ళు మన సీమలో ఊరూరా ఉన్నాయి. వాటికింద నిధులు ఉండవు. రాయి మీద ఉన్న అక్షరాలే నిధి.

మీ చేతిలో ఫోన్ ఉంది కదా, ఇది చేయండి

ఒకటి. మీ ఊళ్ళో చెరువు కట్ట, పాత గుడి, రచ్చబండ దగ్గర బొమ్మలో, అక్షరాలో ఉన్న రాయి కనిపిస్తే కదిలించొద్దు. శుభ్రం చేద్దామని గీకొద్దు. సున్నం, పెయింట్ అసలు వేయొద్దు, అక్షరాలు పూడిపోతాయి.

రెండు. ఫోటో పొద్దున్నే గానీ సాయంత్రం గానీ తీయండి. ఎండ పక్కనుంచి పడితే అక్షరాల నీడ లేచి స్పష్టంగా కనిపిస్తాయి. మిట్టమధ్యాహ్నం తీస్తే ఏమీ కనపడదు. రాత్రి అయితే ఇంకో ఫోన్ టార్చ్ పక్కనుంచి కొట్టండి. మొత్తం రాయి ఒకటి, దగ్గర నుంచి నాలుగైదు. సైజు తెలిసేలా పక్కన ఒక స్కేలు పెట్టండి.

మూడు. లొకేషన్ సేవ్ చేయండి. ఊరు, మండలం, రాయి ఏ పక్కన ఉంది, ఊళ్ళో పెద్దవాళ్ళు దాన్ని ఏమని పిలుస్తారు, అన్నీ రాసిపెట్టండి. ఆ పిలిచే పేరు చాలా ముఖ్యం.

నాలుగు. మన పురావస్తు శాఖకు గానీ, మైసూరులో ఉన్న భారత పురావస్తు సర్వేక్షణ శాసన విభాగానికి గానీ పంపండి. దక్షిణాది శాసనాలు చదివే పెద్ద ఆఫీసు అదే. వాళ్ళు వచ్చి తడి కాగితం రాయికి అద్ది, బ్రష్‌తో కొట్టి, సిరా పూసి అచ్చు తీసుకుంటారు. రాయికి ఏమీ కాదు.

ఐదు. రక్షిత కట్టడాలను పాడుచేస్తే రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉంది. హేమావతి గుళ్ళు కూడా రక్షిత కట్టడాలే. అక్కడికి పోయి స్తంభం మీద మీ పేరూ, మీ లవర్ పేరూ చెక్కకండి. శిల్పాల మీదెక్కి రీల్స్ చేయకండి. దయచేసి.

హేమావతికి పోవాలంటే మడకశిర నుంచి గానీ, శిరా నుంచి గానీ పోవచ్చు. పొద్దున్నే బయల్దేరండి, నీళ్ళ బాటిల్, టోపీ పెట్టుకోండి, ఎండ గట్టిగా ఉంటుంది. దొడ్డేశ్వర ఆలయం కిటికీల దగ్గర కనీసం పది నిమిషాలు నిలబడండి.

ఇప్పుడు నన్ను ఎవరైనా "అనంతపురమా? కరువు కదా" అంటే, "అవును, కరువే. ఆ కరువులోనే ఒక రాజధాని ఉండేది, చెప్పనా?" అంటా. చాలామంది "చెప్పు" అంటారు. నిజంగా.

వచ్చే ఎపిసోడ్‌లో మళ్ళీ కలుద్దాం. ఈలోగా ఈ ఆదివారం మీ ఊరి చెరువు కట్ట మీద ఒకసారి నడిచి చూడండి. ఉంటా మరి, నమస్తే.